లోకల్ బండా, లైన్ బండా? డ్రైవర్ పని ఒప్పుకునే ముందు వేసుకోవాల్సిన లెక్క

బత్తలపల్లి: నాలుగు రోడ్ల కూడలిలో ఒక గంట నిలబడితే చాలు, ఈ ప్రాంతంలో డ్రైవర్ పని ఎన్ని రకాలో కనిపిస్తుంది. టమోటా బాక్సులతో అనంతపురం మార్కెట్‌కు పోయే పికప్‌లు, కంకర తోలే టిప్పర్లు, ధర్మవరం సరుకు తెచ్చే చిన్న బండ్లు, కదిరి, మదనపల్లె మీదుగా తమిళనాడు దారి పట్టే పెద్ద లారీలు. స్టీరింగ్ పట్టుకున్న వాళ్లందరినీ డ్రైవర్ అనే పిలుస్తారు. కానీ ఒకతను రాత్రి ఇంటికొచ్చి పిల్లలతో అన్నం తింటాడు. ఇంకొకతను ఎప్పుడొస్తాడో అతనికే తెలియదు.

మన ఇళ్లలో అబ్బాయికి లైసెన్సు రాగానే బంధువులు అడిగే మొదటి మాట "నెలకెంత ఇస్తారు?" అనే. పెళ్లి సంబంధం వచ్చినా అదే ప్రశ్న. లోకల్ పనికి ఆ ప్రశ్న సరిపోవచ్చు. లైన్ బండికి సరిపోదు. లైన్ మీద డబ్బు సాధారణంగా ట్రిప్పుకు వస్తుంది, నెలకు కాదు. లారీ తిరిగినంత సేపు బత్తా ఉంటుంది. లోడు కోసం ఆగిన రోజుకు, అన్‌లోడింగ్ వరసలో నిలబడిన రోజుకు చాలా చోట్ల ఏమీ ఉండదు. కాబట్టి అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది: బండి ఆగిన రోజు నష్టం ఎవరిది?

ఏది లోకల్, ఏది లైన్

లోకల్ అంటే పొద్దున పోయి రాత్రికి వచ్చే పని. బత్తలపల్లి నుంచి చూస్తే అనంతపురం, ధర్మవరం, కదిరి, తాడిపత్రి, పెనుకొండ, హిందూపురం అన్నీ ఈ లెక్కలోకే వస్తాయి. టమోటా సీజన్‌లో అనంతపురం పక్కన కక్కలపల్లి మార్కెట్‌కు, తోటల నుంచి చీనీ కాయలు మార్కెట్‌ యార్డుకు, తాడిపత్రి వైపు నుంచి సిమెంటు, నాపరాళ్లు ఊళ్లకు. బెంగళూరు మధ్యలో ఉంది. దూరం చూస్తే ఒక్క రోజు పని, కానీ నగరంలోకి రద్దీ వేళల్లో పెద్ద బండ్లను వదలరు. రాత్రి దాకా ఊరి బయట కాచుకోవాల్సి వస్తే ఆ లోకల్ పని సగం లైన్ పనే అవుతుంది.

లైన్ అంటే నేషనల్ పర్మిట్ లారీ. చీనీ ఢిల్లీకి పోయినా, గ్రానైట్ ఇంకో రాష్ట్రానికి పోయినా, పెనుకొండ మండలం ఎర్రమంచి దగ్గర 2019లో ఉత్పత్తి మొదలైన కియా ఫ్యాక్టరీ నుంచి కార్లు ట్రైలర్లలో పోయినా ఇదే కోవ. శ్రీనగర్ నుంచి కన్యాకుమారి దాకా పోయే 44వ నంబరు జాతీయ రహదారి మన జిల్లా మీదుగానే వెళ్తుంది కాబట్టి లైన్ పని మన వాళ్లకు కొత్తేమీ కాదు. అనంతపురం నుంచి ఢిల్లీ దాదాపు రెండు వేల కిలోమీటర్లు.

లైసెన్సు దగ్గర మొదలయ్యే తేడా

రవాణా వాహనం లైసెన్సుకు 20 ఏళ్లు నిండాలి. అంతకు ముందు కనీసం ఏడాది పాటు లైట్ మోటార్ వాహనం లైసెన్సు చేతిలో ఉండాలి. డాక్టరు ఇచ్చే ఫారం 1ఏ సర్టిఫికెట్ కావాలి. ఎనిమిదో తరగతి పాస్ అయి ఉండాలన్న షరతును 2019లో తీసేశారు. బడి మధ్యలో మానేసిన పిల్లలు మన ఇళ్లలో తక్కువేమీ లేరు, వాళ్లకు అది పెద్ద మార్పు. అదే ఏడాది చట్ట సవరణతో ఈ లైసెన్సు గడువు మూడేళ్ల నుంచి ఐదేళ్లయింది. గ్యాస్, పెట్రోలు ట్యాంకర్లు నడపాలంటే మూడు రోజుల శిక్షణ, లైసెన్సు మీద విడిగా ఎండార్స్‌మెంట్ ఉండాలి.

2024 నవంబర్ 6న సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఇచ్చిన తీర్పు లోకల్ డ్రైవర్లకు చాలా ముఖ్యం. మొత్తం బరువు 7,500 కిలోలు మించని సరుకు బండిని మామూలు లైట్ మోటార్ వాహనం లైసెన్సుతోనే నడపొచ్చు, దానికి విడిగా రవాణా ఎండార్స్‌మెంట్ అక్కర్లేదని కోర్టు చెప్పింది. బొలెరో పికప్, టాటా ఏస్ లాంటివి ఇందులోకి వస్తాయి. అంతకు ముందు ఈ ఒక్క కారణం చూపి ఇన్సూరెన్స్ కంపెనీలు క్లెయిములు ఆపేవి. ప్రమాదకర సరుకు తోలే బండ్లకు మాత్రం ఈ వెసులుబాటు లేదు.

క్లీనర్‌గా చేరి పని నేర్చుకోవడం పాత దారి, ఇప్పటికీ నడుస్తోంది. ఒక్క జాగ్రత్త. లైసెన్సు లేని క్లీనర్ చేతికి "కాసేపు పట్టుకో" అని స్టీరింగ్ ఇవ్వడం లైన్‌లో అలవాటు. ఆ కాసేపట్లో ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్ కంపెనీ తప్పుకోవడానికి అదే సాకు చాలు. నష్టం ఓనరు నెత్తిన, కేసు అబ్బాయి నెత్తిన పడతాయి.

నెల లెక్క కాదు, రోజు లెక్క

కింది అంకెలు ఎవరి జీతమూ కాదు, లెక్క ఎలా వేయాలో చూపడానికి అనుకున్నవి. మీ దగ్గరికి వచ్చిన అంకెలు పెట్టి ఇదే లెక్క వేసుకోండి.

లైన్ బండి ఒక రానూపోనూ ట్రిప్పుకు డ్రైవరుకు 14,000 రూపాయలు ఇస్తారనుకుందాం. ట్రిప్పు 12 రోజులు. దాబాలో తిండి, టీ, స్నానం అన్నీ కలిపి రోజుకు 350 అంటే 4,200 పోతుంది. మిగిలేది 9,800. రోజుకు 816 రూపాయలు. బాగుంది.

ఇప్పుడు అదే ట్రిప్పులో తిరుగు లోడు దొరక్క నాలుగు రోజులు ఆగిందనుకోండి. డబ్బు అదే 14,000. తిండి ఖర్చు మాత్రం 16 రోజులకు 5,600. మిగిలేది 8,400, రోజుకు 525. పైగా 12 రోజుల ట్రిప్పులు నెలలో రెండు చేసి నాలుగైదు రోజులు ఇంట్లో ఉండొచ్చు. 16 రోజుల ట్రిప్పులు నెలలో రెండు పట్టవు.

లోకల్‌లో నెలకు 16,000, పని 26 రోజులు అనుకుందాం. తిండి ఇంటి నుంచి క్యారియర్. టీ, టిఫిన్‌కు రోజుకు 50 చొప్పున 1,300. మిగిలేది 14,700, రోజుకు 565. అంటే లోడు వెంట లోడు దొరికితే లైన్ చాలా మెరుగు. నాలుగు రోజులు ఆగితే లోకల్ కంటే తక్కువ. ఆ నాలుగు రోజులు డ్రైవర్ చేతిలో లేవు. ఓనరుకు లోడింగ్ ఆఫీసులతో ఉన్న సంబంధాలను బట్టి, సీజన్‌ను బట్టి ఉంటాయి. అందుకే లైన్ పనిలో జీతం ఎంత అన్నదాని కంటే ఓనరు ఎవరన్నది పెద్ద విషయం. అతని దగ్గర ఇంతకు ముందు చేసిన ఇద్దరు డ్రైవర్లను అడిగితే "పోయినసారి ఎన్ని రోజులు ఆగావు?" అన్న ఒక్క ప్రశ్నతో తేలిపోతుంది.

బండి ఆగినందుకు పార్టీ దగ్గర హాల్టింగ్ చార్జి తీసుకునే ఓనర్లు ఉన్నారు. దాంట్లో డ్రైవరుకు వాటా ఉందా? ముందే అడగాలి. తర్వాత అడిగితే గొడవ అవుతుంది.

ఇంకో రకం ఒప్పందం ఉంది. డీజిల్, దారి ఖర్చులతో కలిపి ఇంత అని మొత్తం డబ్బు డ్రైవర్ చేతికిచ్చి, మిగిలింది నీదే అంటారు. వినడానికి బాగుంటుంది. మైలేజీ బాగా ఇచ్చే కొత్త బండైతే, దారి తెలిసిన పాత డ్రైవరైతే నిజంగానే మిగులుతుంది. కొత్తవాడి విషయంలో పాత ఇంజన్ ఖర్చు, డొంక దారి ఖర్చు, టైరు పగిలిన ఖర్చు అతని జేబులోంచే పోతాయి. మిగుల్చుకోవాలని నిద్ర మానేసి నడిపేది కూడా ఈ ఒప్పందంలోనే.

సరుకు ఏదన్నది కూడా చూసుకోవాలి. టమోటా, చీనీ లాంటి తాజా సరుకుకు జీఎస్టీ లేదు, ఈ-వే బిల్లు అక్కర్లేదు. కానీ ఆలస్యమైతే కుళ్లుతుంది, వ్యాపారి కోత పెడతాడు, ఆ కోత ఒక్కోసారి డ్రైవర్ దాకా వస్తుంది. సిమెంటు, గ్రానైట్, కార్లు చెడిపోవు, అయితే వాటికి ఈ-వే బిల్లు ఉండాలి. 2021 జనవరి నుంచి 200 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున గడువు ఇస్తున్నారు. దారిలో బండి చెడిపోతే గడువు ముగియడానికి ఎనిమిది గంటల ముందు నుంచి, ముగిశాక ఎనిమిది గంటల లోపు పొడిగించుకోవాలి. చేయాల్సింది ఆఫీసులో కూర్చున్న ట్రాన్స్‌పోర్టు వాళ్లే. వాళ్లు మర్చిపోతే బండితో పాటు రోడ్డు మీద ఆగేది డ్రైవరు.

ఓవర్‌లోడ్ సంగతి రెండు పనుల్లోనూ ఉంది. కంకర, ఇసుక తోలే లోకల్ టిప్పర్లలో ఇంకా ఎక్కువ. 2019 సవరణ తర్వాత చట్టంలో జరిమానా 20,000 రూపాయలు, దానిపైన ఎక్కువైన ప్రతి టన్నుకు 2,000. చట్టం నడిపిన వాణ్నీ, నడపమన్న వాణ్నీ ఇద్దర్నీ పట్టుకుంటుంది. "ఓనరు చెప్పాడు" అంటే కుదరదు.

లోకల్ అంతా హాయి అనుకోవడం కూడా తప్పే. నెల జీతం కాకుండా కిరాయికి తిరిగే పికప్‌కు మార్కెట్ వరసలో నాలుగు గంటలు ఆగడం అంటే ఒక ట్రిప్పు పోయినట్టే. టమోటా సీజన్ అయిపోతే పనే ఉండదు. సొంత బండి అయితే పని ఉన్నా లేకపోయినా ఫైనాన్స్ కంతు ఆగదు. వడ్డీ మీద బండి తీసుకోవద్దనుకునే కుటుంబాలు కొన్నేళ్లు జీతానికి చేసి, కూడబెట్టి సెకండ్ హ్యాండ్ కొంటున్నాయి. ఆ దారి నిదానం, కానీ నెత్తిన బరువు ఉండదు.

నిద్ర

1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు మించి పని చేయించకూడదంది. దూర ప్రయాణాలకు అధికారి అనుమతితో రోజుకు 10 గంటలు, వారానికి 54 గంటల దాకా. ఐదు గంటల పని తర్వాత కనీసం అరగంట విశ్రాంతి. 2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తి భద్రత, ఆరోగ్య కోడ్‌లో ఈ చట్టాన్ని కలిపారు, ఎనిమిది గంటల సూత్రం అక్కడా ఉంది. 1961 చట్టం ఐదుగురు, అంతకు మించి పని చేసే సంస్థలకే వర్తించేలా రాశారు. ఒకటి రెండు లారీలున్న ఓనర్ల దగ్గర పని చేసే మన వాళ్లకు ఆ గీత దగ్గరే రక్షణ ఆగిపోయింది.

ఇంకొకటి చాలా మందికి తెలియదు. నేషనల్ పర్మిట్ బండికి ఇద్దరు డ్రైవర్లు ఉండాలని గతంలో నిబంధన ఉండేది. 2018లో దాన్ని తీసేశారు. కాబట్టి ఓనరు ఒక్కరినే పంపితే పర్మిట్ నిబంధన దాటినట్టు కాదు. లైన్ పని ఒప్పుకునే ముందు రెండో డ్రైవర్ ఉంటాడా అని అడగడం అందుకే. ఉంటే డబ్బు పంచుకోవాలి, నిజమే. తెల్లవారుజామున రెండు నుంచి ఐదు దాకా కళ్లు మూసుకుపోయే వేళ పక్కన లైసెన్సున్న మనిషి ఉండటానికి ఆ మాత్రం ఇవ్వొచ్చు.

2025 అక్టోబర్ 1 నుంచి తయారయ్యే మధ్యతరహా, పెద్ద లారీల క్యాబిన్‌కు ఏసీ తప్పనిసరి చేశారు. మన ఎండలకు ఇది చిన్న విషయం కాదు. అంతకు ముందు తయారైన లారీలకు, మూడున్నర టన్నుల లోపు చిన్న బండ్లకు ఇది వర్తించదు.

దీర్ఘకాలం లైన్‌లో ఉన్న వాళ్లకు నడుం నొప్పి, షుగర్, బీపీ మామూలైపోయాయి. చెప్పుకోవడానికి ఇబ్బందిగా ఉన్నా ఇంకో మాట: జాతీయ ఎయిడ్స్ నియంత్రణ కార్యక్రమం దూర ప్రయాణాల లారీ డ్రైవర్లకు ప్రత్యేకంగా సేవలు పెట్టింది. ప్రభుత్వ కేంద్రాల్లో పరీక్ష ఉచితం, వివరాలు గోప్యం. బత్తలపల్లిలోనే ఆర్డీటీ ఆసుపత్రి ఏళ్ల తరబడి హెచ్ఐవీ, టీబీ రోగులకు చికిత్స చేస్తోంది. దాచుకుని ఇంటికి తెచ్చుకునే కంటే పరీక్ష చేయించుకోవడం మేలు.

ఇల్లు, నమాజు, రోజా

లోకల్ డ్రైవర్ జుమాకు ఊళ్లో ఉండే వీలు ఎక్కువ. లైన్ డ్రైవరుకు అది అదృష్టం. ప్రయాణికుడికి నమాజు తగ్గించి చదివే సౌకర్యం, రోజా తర్వాత రోజుల్లో పూర్తి చేసుకునే అనుమతి దీన్‌లోనే ఉన్నాయి. హనఫీ ఉలమాలో ఎక్కువ మంది చెప్పే దూరం సుమారు 78 కిలోమీటర్లు. ఢిల్లీ పోయే డ్రైవర్‌కు సందేహం లేదు. బత్తలపల్లి నుంచి అనంతపురానికి రోజూ టమోటా తోలే అబ్బాయి మాత్రం ఈ లెక్కలో ముసాఫిర్ కాడు. మే నెల ఎండల్లో రంజాన్ వచ్చిన ఏళ్లలో ఇబ్బంది పడేది నిజానికి ఈ లోకల్ వాళ్లే. తన రూటు చెప్పి స్థానిక ఇమామ్‌ను అడిగితే స్పష్టత వస్తుంది.

ఇంట్లో వయసైన అబ్బా, అమ్మీ ఉండి, ఆసుపత్రికి తీసుకుపోయే మగ మనిషి ఇంకెవరూ లేకపోతే లైన్ పని ఎంత డబ్బిచ్చినా కష్టమే. అన్నదమ్ములు ఇద్దరు ముగ్గురున్న ఇంట్లో ఒకరు లైన్‌కు, ఒకరు లోకల్‌కు పోవడం చాలా కుటుంబాలు చేసేదే. ఈ నిర్ణయం డ్రైవర్ ఒక్కడిది కాదు, భార్యను కూర్చోబెట్టుకుని తీసుకోవాల్సింది. పదిహేను రోజులు ఇల్లు నడిపేది ఆమే కదా.

ప్రమాదం జరిగితే

2023 డిసెంబర్‌లో ఆమోదించిన భారతీయ న్యాయ సంహిత 106(2) సెక్షన్, ప్రమాదం చేసి చెప్పకుండా పారిపోతే పదేళ్ల దాకా జైలు అంది. దాని మీదే 2024 జనవరి మొదట్లో దేశమంతా డ్రైవర్లు బండ్లు ఆపారు. ఆ ఏడాది జులై 1న మిగతా చట్టం అమల్లోకి వచ్చినప్పుడు ఈ ఒక్క ఉపసెక్షన్‌ను పక్కన పెట్టారు. అది లేకపోయినా మోటారు వాహనాల చట్టం 134 సెక్షన్ ఎప్పటి నుంచో ఉంది: గాయపడ్డ వారికి వైద్యం అందేలా చూడాలి, దగ్గర్లో పోలీసు లేకపోతే 24 గంటల లోపు స్టేషన్‌లో చెప్పాలి. తెలియని రాష్ట్రంలో జనం కొడతారన్న భయం నిజమే. పక్కకు పోయి 112కు ఫోన్ చేస్తే చెప్పినట్టు రికార్డు ఉంటుంది.

డ్రైవరుకే ఏమైనా అయితే? ఇక్కడే మన కుటుంబాలు ఎక్కువ నష్టపోతున్నాయి. పని మీద ఉండగా చనిపోయిన డ్రైవర్ కుటుంబానికి 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం ఒక లెక్క పెట్టింది, దాన్నే 2020 సామాజిక భద్రత కోడ్‌లోకి తెచ్చారు. నెల జీతంలో సగాన్ని వయసును బట్టి ఉన్న గుణకంతో హెచ్చిస్తారు. 30 ఏళ్లకు ఆ గుణకం 207.98. 2020 నుంచి లెక్కకు తీసుకునే జీతం గరిష్టంగా 15,000. అంటే నెలకు 15,000 రుజువైతే 7,500 ఇంటూ 207.98, మొత్తం 15,59,850 రూపాయలు. అదే డ్రైవర్ జీతం కాగితం మీద 8,000 అని తేలితే 8,31,920. ఏడు లక్షలకు పైగా తేడా. తప్పు ఎవరిదన్నది ఈ పరిహారానికి అడ్డం కాదు. లారీ ఇన్సూరెన్స్ అమల్లో ఉంటే, డ్రైవర్ లైసెన్సు సరిగ్గా ఉంటే డబ్బు ఇన్సూరెన్స్ కంపెనీ నుంచే వస్తుంది.

రుజువు దగ్గరే చిక్కు. లైన్‌లో బత్తా చేతికిస్తారు, కాగితం ఉండదు. అందుకే జీతమైనా బత్తా అయినా బ్యాంకు ఖాతాకో ఫోన్‌పేకో వేయించుకోవాలి. లోడింగ్ స్లిప్పులు, ఓనరుతో వాట్సాప్ మెసేజ్‌లు పారేయకూడదు. వాటి ఫొటోలు ఇంట్లో ఇంకొకరి ఫోన్‌లోనూ ఉండాలి, ప్రమాదంలో డ్రైవర్ ఫోన్ కూడా పోతుంది కాబట్టి. ఇరవై మంది, అంతకు మించి ఉన్న కంపెనీల్లో పీఎఫ్ ఉంటుంది. కార్ల ట్రైలర్లు తిప్పే పెద్ద సంస్థల్లో చేరే వాళ్లు దాని నంబరు అడిగి తీసుకోవాలి. సొంత బండి నడుపుకునే ఓనర్‌ డ్రైవరుకు ఈ పరిహారం రాదు. అతనికి 15 లక్షల వ్యక్తిగత ప్రమాద కవర్ ఉంది, పాలసీలో అది ఉందో లేదో చూసుకోవాలి. ఇవి కాక బ్యాంకులో ఏడాదికి 20 రూపాయలతో ప్రధానమంత్రి సురక్షా బీమా, ప్రమాద మరణానికి రెండు లక్షలు.

పరిహారం కోసం కార్మిక శాఖ దగ్గర అర్జీ పెట్టడానికి గడువు రెండేళ్లు. ఇద్దత్ అయ్యాక చూద్దాం, ఓనరు ఏదో ఒకటి ఇస్తానన్నాడు అని ఆగిన ఇళ్లలో ఆ రెండేళ్లు ఇట్టే గడిచిపోతాయి. ఓనరు చేతికిచ్చిన సాయం తీసుకుని "ఇక ఏమీ అడగం" అన్న కాగితం మీద సంతకం పెట్టేముందు వకీలుకు ఒకసారి చూపించాలి. వకీలు ఫీజు భయమైతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది, మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా అక్కడ ఉచితంగా వకీలును పెడతారు.